కాలి కింద చుక్కాని

పోయిన ఆదివారం చేపల వేట కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు ఒక శ్రోత ఫోన్ చేశారు. "మా బోటు ట్రోలింగ్ మోటారు పెడలు బాగా బిగుసుకుపోయిందండీ. గట్టిగా తొక్కితే తిరుగుతోంది. పరవాలేదంటారా?" అని అడిగారు. టైమైపోయి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పరవాలేదని మాత్రం నేననలేను. ఎందుకో ముందు చెప్పి, తర్వాత రిపేరు సంగతికొస్తాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బాస్ చేపలు పట్టే బోట్లకి వెనక పెద్ద ఇంజను కాక, ముందు కొస మీద బ్యాటరీతో నడిచే చిన్న మోటారు ఒకటుంటుంది. చప్పుడు లేకుండా ఒడ్డు వెంబడి మెల్లగా పోవడానికి. రెండు చేతుల్లోనూ గాలం ఉంటుంది కనక దీన్ని కాలితో తిప్పుతాం. మునివేళ్ళతో నొక్కితే కుడికి, మడమతో నొక్కితే ఎడమకి. పెడలు నుంచి మోటారు తలదాకా ప్లాస్టిక్ తొడుగులో ఉక్కు తీగ ఉంటుంది, సైకిలు బ్రేకు తీగలాగా. కొన్ని మోటార్లకి తీగ ఉండదు, అవి కరెంటుతోనే తిరుగుతాయి. వాటి జోలికి నేను పోవడం లేదు.

ఇక నా కథ. 2021 మార్చిలో మావాణ్ణి తీసుకుని లేక్ లూయిస్‌విల్‌కి వెళ్ళాను. వాడికప్పుడు పదకొండేళ్ళు. టెక్సస్‌లో పదమూడేళ్ళ లోపు పిల్లలు చిన్న బోట్లలో లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని చట్టం, అందుకని వాడికి వేశాను. నాది సీటు కింద ఉంది. పెద్దవాళ్ళకి బోటులో ఉంటే చాలు కదా! పెడలు అంతకు నెల ముందు నుంచే మొరాయిస్తోంది. ఎప్పుడూ కాలు నొక్కిపెట్టి ఉంచలేక, ఆగకుండా తిరిగే మీట వేసి వదిలేశాను. గాలి రాళ్ళ వైపు తోస్తోంది. కుడికి తిప్పుదామని ఒంటికాలి మీద నిలబడి బరువంతా పెడలు మీద వేశాను. లోపల పట్టేసిన తీగ ఒక్కసారిగా వదిలింది. నేను తలకిందులుగా నీళ్ళలో ఉన్నాను.

మార్చి నీళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఊపిరి అందలేదు. తల పైకెత్తి చూస్తే బోటు వెళ్ళిపోతోంది. వెళ్ళిపోయినా బాగుండేది, మోటారు కుడికి తిరిగి అలాగే పట్టేసింది కనక గుండ్రంగా తిరిగి నావైపే వస్తోంది. ముందు ఆ ప్రొపెల్లరు. మావాడు పెడలు దగ్గరకి పరిగెత్తి దాన్ని రెండు చేతులతో లాగుతున్నాడు. "నాన్నా, అది కాదు, ప్లగ్గు! ప్లగ్గు పీకు!" అని అరిచాను. పొద్దున ఆ ప్లగ్గు పెట్టింది వాడే కనక ఎక్కడుందో తెలుసు. పీకేశాడు. మా ఆవిడకి ఈ సంగతి మూడు రోజులు చెప్పలేదు. చెప్పాక ఏమైందో రేడియోలో చెప్పేది కాదు.

సరే, రిపేరు. ముందుగా ప్లగ్గు తీసెయ్యండి, బ్యాటరీ తీగ కూడా విప్పితే మరీ మంచిది. తర్వాత చెయ్యాల్సింది నూనె కొట్టడం కాదు. నేను నెలరోజులు చేసిన తప్పు అదే. డబ్బా తెచ్చి కనిపించిన ప్రతి సందులోనూ కొట్టాను. పల్చటి నూనె రెండు రోజులు పనిచేసినట్టుంటుంది, తర్వాత నీళ్ళకి కొట్టుకుపోతుంది, మిగిలినదానికి దుమ్మంటుకుంటుంది.

బిగుసుకున్నది ఎక్కడో కనిపెట్టాలి. ఉన్నవి మూడే చోట్లు: మోటారు కాడ, పెడలు, మధ్యలో తీగ. మా పక్కింటి పెద్దాయన, పడవలతో జీవితమంతా గడిపిన మనిషి, నాకు నేర్పింది ఇదే. "విడదీసి చూడు, అదే చెబుతుంది" అన్నాడు. పెడలు సమంగా ఉన్నప్పుడు మోటారు తిన్నగా ముందుకి చూసేలా రెండు చోట్లా టేపు ముక్కలు అంటించి గుర్తు పెట్టుకున్నాం. బిగించేటప్పుడు అవి లేకపోతే ఏడుపే. తర్వాత పెడలు దగ్గర తీగ విప్పాం.

కాడని చేత్తో తిప్పి చూశాను. రెండు వేళ్ళతో తిరిగింది. అంటే అక్కడ దోషం లేదు. అదే బిగుసుకుని ఉంటే, కాడ దూరే ప్లాస్టిక్ బుష్‌లని గుడ్డతో తుడిచి సిలికోన్ స్ప్రే కొట్టాలి. గ్రీజు పూయకండి, ఇసుక పట్టేస్తుంది. పెడలు ఒక్కదాన్నీ తొక్కి చూస్తే కరకరమంది. బోర్లించి దులిపితే ఇసుక, గాలం దారం ముక్కలు, మావాడు తిన్న పొద్దుతిరుగుడు గింజల పొట్టు. కడిగాక ఆ చప్పుడు పోయింది. కానీ అంత బిగుతుకి అది చాలదు.

మిగిలింది తీగ. దాన్ని వెంబడిస్తూ పోతే బోటు అంచు దగ్గర దొరికింది దొంగ. చలికాలంలో తీగలన్నీ చిందరవందరగా ఉన్నాయని నేనే వాటిని కట్టగా చేర్చి, జిప్ టైలు పళ్ళు బిగించి లాగి కట్టాను. ఒకచోట స్టీరింగ్ తీగ మోచేయిలా మడిచిపెట్టినట్టయింది. వంపు ఎంత ఎక్కువైతే తొడుగులో తీగ అంత ఒరుసుకుంటుంది. అక్కడ తొడుగు చిట్లింది, నీళ్ళు దూరాయి, తుప్పు పట్టింది. కోసి చూస్తే తీగ పోగులు రెండు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. ఎవరి చేతివాటమో తెలిశాక తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

తుప్పు పట్టి పోగులు లేచిన తీగని బాగుచెయ్యాలని చూడకండి, మార్చెయ్యండి. మీ మోడలు నంబరు చూసి దానికి సరిపోయేదే కొనాలి, పొడవు తేడా వస్తే మళ్ళీ వంపే. కొత్తది బిగించేటప్పుడు పెద్ద గుండ్రంగా తిరిగేలా వదిలేశాం, మోటారు పైకెత్తినా దించినా లాగకుండా. టైలు కట్టాం కానీ తీగ లోపల అటూ ఇటూ జరిగేంత వదులుగా. తీగ బిగింపు మాన్యువల్లో చెప్పినంతే పెట్టాలి. ఊగుతోంది కదాని ఇంకో చుట్టు బిగిస్తే పెడలు మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇంకో మాట. మోటారు ఆపి తొక్కి చూడండి. ఆపినప్పుడు తేలిగ్గా ఉండి, పూర్తి వేగంలో మాత్రమే కాలికి ఎదురుతన్నుతుంటే అది ప్రొపెల్లరు తోపు, కొంత ఉండేదే. ఆపినా బిగుతుగా ఉంటేనే పైన చెప్పిన వెతుకులాట.

ఆ రోజు తర్వాత ఆగకుండా తిరిగే మీట జోలికి నేను పోలేదు. నా జాకెట్ సీటు కింద ఉండటం లేదు. మావాడు మాత్రం బోటెక్కే ప్రతి కొత్త మనిషికీ ముందు ప్లగ్గు చూపిస్తాడు, ఇల్లు చూపించినట్టు.

ఫోన్ చేసిన శ్రోతగారూ, వింటున్నారు కదా? బోటు నీళ్ళలోకి దించకముందే, ట్రైలరు మీదుండగానే ఆ తీగ విప్పి చూడండి. ఏం దొరికిందో వచ్చే వారం ఫోన్ చేసి చెప్పండి. ఉంటానండీ, నమస్కారం.