ఒంటిదారిన రెండు బోగీలు: గీస్‌బాఖ్ కొండరైలు

ఒక ఇంజనీరు జ్ఞాపకార్థం కూడిన ఈ సభలో, చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేసే చిన్న కొండరైలు గురించి మాట్లాడదలిచాను. స్విట్జర్లాండ్‌లో బ్రియెంజ్ సరస్సు ఒడ్డున గీస్‌బాఖ్ అనే జలపాతం ఉంది. పడవ దిగిన యాత్రికులను ఆ జలపాతం పక్కనున్న హోటలుకు చేర్చడానికి 1879 జూలైలో అక్కడ రైలు మొదలైంది. పొడవు 350 మీటర్ల లోపే. బండికి ఇంజను ఉండదు. ఒకే ఉక్కుతాడుకు రెండు చివరలా రెండు బోగీలు. గిలకబావిలో చేదల్లాగా ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కుతుంది. తాడు లాగే బండి పట్టాల మీద కొండెక్కడం, పళనిలో ‘వించ్’ చూసిన మనవాళ్లకు కొత్త కాదు. ఇలాంటి రైళ్ల చరిత్రను చాలామంది ఆవిరి, నీరు, విద్యుత్తు అంటూ చోదకశక్తి వరసలో చెబుతారు. అసలు మలుపు శక్తిలో లేదనీ, రెండు బోగీలు ఒకదాన్నొకటి తప్పుకునే చోట ఉందనీ నా వాదన.

గీస్‌బాఖ్‌కు ముందు ఏం చేసేవారో చూడండి. 1862లో లియోన్ నగరంలోని క్రోయా-రూస్ కొండకూ, 1870లో బుడాపెస్ట్ కోటకొండకూ వేసిన రైళ్లలో రెండు బోగీలకూ చెరొక జత పట్టాలు. నగరంలో అది చెల్లుతుంది. నిటారు కొండవాలులో వెడల్పు రెట్టింపయితే రాయి తొలిచే పని పెరుగుతుంది, వంతెన వెడల్పూ పెరుగుతుంది. గీస్‌బాఖ్ దారిలో వంతెన ఉంది. కట్టించుకునేది ఒక హోటలు. మార్గమంతా ఒకే జత పట్టాలు వేసి నడుమ మాత్రం బోగీలు తప్పుకునేలా పట్టాలు రెండుగా చీలి మళ్లీ కలిసే లూపు పెడితే ఖర్చు తగ్గుతుంది. కానీ బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే మామూలు పాయింట్లయితే ప్రతి ప్రయాణానికీ ఎవరో ఒకరు మార్చాలి, పైగా తాడు వాటికి అడ్డం పడుతుంది. కార్ల్ రోమన్ అబ్ట్ అనే యువ ఇంజనీరు ఈ చిక్కు విప్పాడు. దారి ఎంచుకునే పనిని పట్టాల నుంచి తీసి చక్రాలకు అప్పగించాడు. తర్వాత స్థిరపడిన రూపంలో ప్రతి బోగీకీ ఒకవైపు చక్రాలకు రెండు అంచులుంటాయి, అవి తమ పట్టాను వదలవు. రెండోవైపు చక్రాలు అంచుల్లేకుండా వెడల్పుగా ఉండి, తాడు కోసం పట్టాల్లో వదిలిన సందుల మీదుగా దొర్లిపోతాయి. ఒక బోగీ ఎప్పుడూ ఎడమకే, రెండోది ఎప్పుడూ కుడికే వెళుతుంది. పట్టాల్లో కదిలే భాగమే లేదు, కనుక చెడిపోయేదీ లేదు, కాపలా ఉండాల్సినదీ లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, ఈ రైలు నిర్మాణానికి పెద్ద నిక్లౌస్ రిగెన్‌బాఖ్ కదా, ఘనత ఆయనది కాదా అని. 1871లో రిగి కొండకు పళ్లపట్టా రైలు నడిపిన ఆయనకు గౌరవం తగ్గించనక్కర్లేదు. కానీ ఆయన పద్ధతిలోనే 1882లో పోర్చుగల్‌లోని బ్రాగా దగ్గర బోమ్ జెజుష్ కొండకు వేసిన రైలులో మళ్లీ రెండు జతల పట్టాలే ఉన్నాయి. లూపు ఆలోచన అబ్ట్‌దే. ఊటీ రైలు కల్లార్ నుంచి కూనూరు దాకా ఎక్కేది కూడా ఈయన పేరు మీదున్న పళ్లపట్టా పద్ధతిలోనే. మన దేశంలో ఆయన పేరు కాస్తో కూస్తో వినబడటానికి అదే కారణం. రెండో అభ్యంతరం మరింత బలమైనది: 1879 నాటి లూపు పరిపూర్ణం కాదు, మెరుగైన రూపం 1886లో లుగానో రైలుతో వచ్చింది. నిజమే. అయితే లుగానోలో మారింది చక్రాల అమరిక. ఏ బోగీ ఏ పక్కకు పోవాలో చక్రమే తేల్చాలన్న సూత్రం గీస్‌బాఖ్‌లోనే నిలబడింది, నడిచింది.

శక్తి విషయానికొస్తే సాక్ష్యం ఆ రైలులోనే ఉంది. మొదట జలపాతపు నీటిని పైబోగీ తొట్టిలో నింపేవారు. ఆ బరువుతో అది దిగుతూ కిందిదాన్ని పైకి లాగేది. చూడముచ్చటైన ఏర్పాటే, కానీ పైన నీరున్న కొండకే సరిపోతుంది. 1912లో నీటి టర్బైను, 1948లో విద్యుత్తు వచ్చాయి. శక్తి రెండుసార్లు మారినా నడిమి లూపు అవసరం పోలేదు. ప్రపంచంలో ఆ తర్వాత కట్టిన తాడురైళ్లలో ఎక్కువ భాగం అబ్ట్ లూపునే వాడుకున్నాయి.

1979లో హోటలు మూతపడి కూల్చివేత దాకా వచ్చినప్పుడు, పర్యావరణవేత్త ఫ్రాంజ్ వెబర్ 1983లో ప్రజల విరాళాలతో సంస్థ నెలకొల్పి దాన్ని కాపాడాడు. లేకుంటే ఈ రైలుకు గమ్యమే మిగిలేది కాదు. ఈ సభలో ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక మనవి. ఎప్పుడైనా ఏ కొండమీదైనా ఇలాంటి రైలు ఎక్కితే, మోటారు గది కంటే ముందు బోగీ కిందికి వంగి చక్రాలు చూడండి.