కోర్సుల జాబితా చదివారా?

(ఎడిసన్‌లో తెలుగు కుటుంబాల కోసం ఏర్పాటైన విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను విద్యావేత్తను కాను. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నవాణ్ణి. అయితే ఎడిసన్‌లో ఉండే తెలుగువాడికి ఎవరూ అప్పగించకుండానే వచ్చిపడే ఉద్యోగం ఒకటుంది. ఊళ్ళో బంధువుల పిల్లలకు యూనివర్సిటీ సలహాలు ఇవ్వడం. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఫోన్లు మొదలవుతాయి. "బాబాయ్, నాలుగు అడ్మిట్లు వచ్చాయి, ఏది మంచిది?" "మామయ్యా, అక్కడ ఉద్యోగాలు దొరుకుతాయా?" "అన్నయ్యా, వీసా తేలిగ్గా వచ్చే యూనివర్సిటీ ఏది?" ఇన్నేళ్ళలో దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "అక్కడ ఏ పాఠాలు చెబుతారు?" ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే.

ఇది చిన్న విషయమని అనుకోకండి. 1965లో వలస చట్టం మారాక ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన మన పాత తరం వారిలో చాలామంది అసిస్టెంట్‌షిప్‌తో వచ్చారు. ప్రొఫెసర్ ఏ పరిశోధన చేస్తుంటే విద్యార్థి ఆ కోర్సులు తీసుకునేవాడు. ఎంపిక సమస్య అంతగా ఉండేది కాదు. ఇప్పుడు లెక్క వేరు. 2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడు చైనాను దాటి మనవాళ్ళు మొదటి స్థానానికి వచ్చారు. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి పెరిగింది. వీరిలో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు ఎంతమంది ఉంటారో ఓక్‌ట్రీ రోడ్డులో సాయంత్రం పూట నడిచినవారికి చెప్పనక్కరలేదు. ఎక్కువమంది సొంత డబ్బుతో, అంటే నాన్నగారి పొలం మీదో ఇంటి మీదో తెచ్చిన అప్పుతో, మాస్టర్స్‌కు వస్తున్నారు. డబ్బు పెట్టి కొంటున్న వస్తువు ఏమిటో చూడకుండా కొంటున్నారు. ఆ వస్తువు పేరే కోర్సు.

చూడకుండా కొంటే ఏమవుతుందో మూడు ఉదాహరణలు చెబుతాను. మీలో చాలామందికి ఇవి తెలిసినవే, కానీ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది కాలిఫోర్నియాలోని ప్లెజెంటన్‌లో ఉన్న ట్రై-వ్యాలీ యూనివర్సిటీ. 2011 జనవరిలో ఫెడరల్ అధికారులు దాన్ని మూయించారు. 1,500 మందికి పైగా విద్యార్థులు వీధిన పడ్డారు. అందులో అత్యధికులు భారతీయులు, వారిలోనూ చాలామంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టిన ఫోటోలు మన పత్రికలన్నింటిలో వచ్చాయి. వందలమంది విద్యార్థులు ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది.

రెండోది మన పెరట్లోనే జరిగింది. పార్క్‌వే ఎక్కితే అరగంటలోపు చేరుకునే క్రాన్‌ఫర్డ్‌లో 2013లో 'యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ న్యూజెర్సీ' వెలిసింది. పెట్టింది సాక్షాత్తూ హోంలాండ్ సెక్యూరిటీ శాఖే, దళారులను పట్టుకోవడానికి. 2016 ఏప్రిల్‌లో 21 మంది దళారులను అరెస్టు చేశారు. అప్పటికి ఆ సంస్థలో పేరు నమోదైన విదేశీ విద్యార్థులు 1,076 మంది, ప్రధానంగా చైనా, భారతదేశాల వారు.

మూడోది మిషిగన్‌లోని 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్'. ఇదీ ప్రభుత్వం పెట్టిన ఉత్తుత్తి విద్యాలయమే. 2019 జనవరిలో ఎనిమిది మంది దళారుల మీద కేసు పెట్టారు. సుమారు 600 మంది విద్యార్థులు చిక్కుకున్నారు. మొదట అదుపులోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. ఎక్కువమంది మన పిల్లలే.

ఈ కేసుల మీద మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపించాయి. "తెలిసే చేరారు, అనుభవించనీ" అని ఒకటి. "పాపం, పిల్లలకేం తెలుసు" అని ఇంకొకటి. ప్రభుత్వ వాదన మొదటిది: తరగతులు లేవని తెలిసే, పని అనుమతి కోసం డబ్బు కట్టారని. విద్యార్థుల వాదన రెండోది. న్యూజెర్సీ విషయంలో, విద్యార్థులు ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేయవచ్చని 2019లో ఇక్కడి అప్పీళ్ళ కోర్టు చెప్పింది. ఫార్మింగ్టన్ విషయంలో, కట్టిన ఫీజుకు చదువు చెప్పలేదన్న దావా ముందుకు సాగవచ్చని 2024లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు చెప్పింది. ఎవరి తప్పు ఎంతో ఈ వేదిక తేల్చలేదు. కానీ కోర్టులు తలుపు తెరిచేసరికి ఆ పిల్లల ఇరవైల్లోని మంచి సంవత్సరాలు గడిచిపోయాయి. ఇంటి దగ్గర వడ్డీ మాత్రం ఆగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. "గుర్తింపు ఉందో లేదో చూసుకోండి చాలు" అని మనం సలహా ఇస్తుంటాం. ఆ సలహా మంచిదే, కానీ చాలదు. న్యూజెర్సీ, మిషిగన్ సంస్థలు రెండూ ఐ-20 ఇచ్చే అధికారం ఉన్న విద్యాసంస్థల ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. గుర్తింపు సంస్థ జాబితాలోనూ వాటి పేర్లు కనిపించాయి. వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, కార్యాలయం ఉంది. కాగితం మీద ఉండవలసినవన్నీ ఉన్నాయి. లేనివి రెండే: పాఠాలు, పాఠాలు చెప్పే మనుషులు. ఫలానా మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు ఫలానా గదిలో ఎవరు ఏ పాఠం చెబుతారని ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే ఆ సంస్థల దగ్గర జవాబు ఉండేది కాదు.

అందుకే నేను పిల్లలకు చెప్పేది: ముందు కోర్సుల జాబితా చదవండి. ఎలా చదవాలో ఆరు ముక్కల్లో చెబుతాను.

ఒకటి. కేటలాగు వేరు, ఈ సెమిస్టర్‌లో నిజంగా నడిచే తరగతుల పట్టిక వేరు. కేటలాగులో అరవై కోర్సులు ఉంటాయి. పట్టికలో పన్నెండే ఉండవచ్చు. మన పక్కనున్న రట్గర్స్‌నే తీసుకోండి. 1766 నాటి సంస్థ. దాని తరగతుల పట్టికను హైదరాబాదులో కూర్చుని కూడా చూడవచ్చు. ఏ కోర్సు, ఎవరు చెబుతారు, ఏ వారం, ఏ వేళ, పిస్కాటవేలోని బుష్ క్యాంపస్‌లో ఏ భవనం, అన్నీ కనిపిస్తాయి. మీకు అడ్మిషన్ వచ్చిన చోట కూడా గత రెండు సెమిస్టర్ల పట్టిక చూపించమని అడగండి. చూపించడానికి మొహమాటపడే చోటికి వెళ్ళవద్దు.

రెండు. ముందు చదివి ఉండవలసిన కోర్సులు. మన మెకానికల్, సివిల్ పిల్లలు కంప్యూటర్ సైన్స్‌లోకి మారుతున్నారు. మారవచ్చు, ఇక్కడి పద్ధతిలోని గొప్పతనమే అది. కానీ చాలాచోట్ల డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ వంటి బ్రిడ్జి కోర్సులు ముందు పూర్తి చేయమంటారు. వాటికి ఫీజు ఉంటుంది, డిగ్రీ లెక్కలోకి మాత్రం సాధారణంగా రావు. మూడు బ్రిడ్జి కోర్సులంటే ఒక సెమిస్టర్ ఫీజు, ఒక సెమిస్టర్ అద్దె అదనం. అప్పు తీసుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

మూడు. క్రెడిట్ల లెక్క. మాస్టర్స్ సాధారణంగా 30 క్రెడిట్లు, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు పది. సెమిస్టర్‌కు మూడు కోర్సుల చొప్పున తీసుకుంటే మూడు సెమిస్టర్లకు తొమ్మిదే అవుతాయి, ఒకటి మిగులుతుంది. మన దగ్గర యూనివర్సిటీవాళ్ళే సంవత్సరానికి ఇన్ని పేపర్లని నిర్ణయిస్తారు. ఇక్కడ ఆ పది కోర్సులను పేర్చుకోవలసింది విద్యార్థే. ఉదాహరణకు క్రెడిట్‌కు 1,000 డాలర్లు అనుకోండి. ఒక కోర్సు 3,000 డాలర్లు. పదిహేను వారాలు, వారానికి రెండు తరగతులు, మొత్తం ముప్ఫై. ఒక్కో తరగతి వంద డాలర్లు. పెట్రోలు బంకులో షిఫ్టు కోసం తరగతి ఎగ్గొట్టే కుర్రాడికి ఈ లెక్క చెప్పండి. ఆ పని వీసా నిబంధనలకు విరుద్ధమన్నది అటుంచి, అంకెల్లో కూడా నష్టమేనని తెలుస్తుంది.

నాలుగు. ఆన్‌లైన్ కోర్సులు. ఎఫ్-1 వీసాలో ఉన్నవారికి పూర్తికాల చదువు లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే వస్తాయి. కోవిడ్ కాలంలో సడలింపు ఇచ్చారు. 2020 జులై 6న, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవారు దేశం వదలాలని ప్రకటించారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకు వెళ్ళాక జులై 14న వెనక్కు తీసుకున్నారు. ఆ వారం రోజులు ఎందరి ఇళ్ళలో నిద్ర లేదో మనకు గుర్తుంది. "తరగతికి రానక్కరలేదు, అన్నీ ఆన్‌లైనే" అని ఎవరైనా ఊరిస్తే అనుమానించవలసిందే.

ఐదు. కోర్సు వెనకాల ఉండే కోడ్ నంబరు. ప్రతి డిగ్రీకీ సిప్ కోడ్ అని ఒకటి ఉంటుంది, ఐ-20 మీద కనిపిస్తుంది. చదువు తర్వాత పని అనుభవానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ జాబితాలోని డిగ్రీ అయితే, 2016 మే నుంచి అమలైన నిబంధన ప్రకారం, అదనంగా 24 నెలలు. సాధారణ ఎకనామిక్స్ కోడ్ 45.0601, అది స్టెమ్ జాబితాలో లేదు. ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603, అది ఉంది. చివరి ఒక్క అంకెలో రెండేళ్ళ తేడా. ఎంబీఏకు వెళ్ళేవారు ఇది తప్పక చూడాలి. అయితే కోడ్ కోసమే కోర్సు తీసుకోవద్దు. వలస నిబంధనలు ప్రభుత్వం తలచుకుంటే మారతాయి. నేర్చుకున్న గణితాన్ని ఏ ప్రభుత్వమూ వెనక్కు తీసుకోలేదు.

ఆరు. మొదటి రోజు నుంచే పని. "చేరిన రోజు నుంచే సీపీటీ ఇస్తాం" అని కొన్ని సంస్థలు ప్రచారం చేసుకుంటాయి. సీపీటీ అంటే పాఠ్యప్రణాళికలో భాగమైన పని. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం చదివాకే ఇస్తారు. చేరగానే పని తప్పనిసరి అయిన గ్రాడ్యుయేట్ కోర్సులకు మినహాయింపు ఉంది. పన్నెండు నెలలు పూర్తికాలం సీపీటీ వాడుకుంటే ఆ స్థాయి డిగ్రీ మీద ఓపీటీ పోతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పనికీ, నేను చదివే కోర్సుకూ సంబంధం ఏమిటి? ఆ సంబంధాన్ని రేపు ఒక అధికారి ముందు రెండు వాక్యాల్లో చెప్పగలగాలి.

ఇంకొక మాట. అందరూ కంప్యూటర్ సైన్సేనా? సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను. చుట్టూ చూడండి. న్యూ బ్రన్స్‌విక్‌లో జాన్సన్ అండ్ జాన్సన్, రాహ్వేలో మెర్క్ ప్రధాన కార్యాలయాలు. మన దగ్గర బీఫార్మసీ చదివి వచ్చిన పిల్ల, ఆ నాలుగేళ్ళ చదువును అటకెక్కించి, మూడు నెలల్లో ఏదో టెస్టింగ్ నేర్చుకుంటుంది. అదే పిల్ల బయోస్టాటిస్టిక్స్‌లోనో, ఔషధ నియంత్రణకు సంబంధించిన కోర్సులోనో చేరితే పాత చదువు కొత్తదానికి పునాది అవుతుంది. సివిల్ చదివినవాడికి రవాణా ఇంజనీరింగ్, నీటి వనరులు ఉన్నాయి. ఉద్యోగం ఖాయమని నేను చెప్పడం లేదు. అలా చెప్పేవారిని నమ్మవద్దు. తెలిసిన నేల మీద ఇల్లు కట్టడం తేలికని మాత్రం చెబుతున్నాను.

చివరిగా ఈ గదిలో ఉన్న మనకు. మన మాటకు ఊళ్ళో చాలా విలువ ఉంది, ఒక్కోసారి ఉండవలసినదానికంటే ఎక్కువే. "ఫలానా అబ్బాయి అక్కడే చదివాడు, బాగానే ఉన్నాడు" అని మనం తేలిగ్గా అనేసిన మాట మీద ఒక కుటుంబం పొలం తాకట్టు పెడుతుంది. అందుకని యూనివర్సిటీ పేరు చెప్పే ముందు మనమూ ఆ పట్టిక తెరిచి చూద్దాం. పిల్లవాణ్ణి పది కోర్సుల పేర్లు, అవి ఎందుకు తీసుకుంటున్నాడో ఒక కాగితం మీద తెలుగులోనే రాసి పంపమందాం. రాయగలిగితే వాడు సిద్ధంగా ఉన్నట్టు. రాయలేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగమని చెప్పే ధైర్యం మనకు ఉండాలి. ఆ మాట అంటే అక్కయ్యకు కోపం రావచ్చు. రానివ్వండి.

వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూటెనిమిది చేసే ఓపిక ఉన్న జాతి మనది. అందులో ఒక్క గంట ఓపిక కోర్సుల జాబితా మీద పెట్టమని పిల్లలకు చెప్పండి. స్వామి ఏమీ అనుకోడు.