పని మందగించిన వేళ



ఆషాఢ శుద్ధ ఏకాదశి నుండి కార్తీక శుద్ధ ఏకాదశి వరకు శ్రీమహావిష్ణువు యోగనిద్రలో ఉంటాడని మన విశ్వాసము. ఈ చాతుర్మాస్యములో యతులు సంచారము మాని ఒక్క చోట నిలుస్తారు. సంచారము మానుతారే గాని సాధన మానరు.

మన వృత్తులకు సైతము ఇటువంటి కాలమున్నది. వానలు పట్టితే చేనేత సోదరుని గుంటమగ్గములో చెమ్మ చేరుతుంది. వీధిలో పడుగు సాచి గంజి పెట్టుటకు ఎండ ఉండదు. తూర్పు తీరములో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. ఆషాఢములో ముహూర్తములు లేక పురోహితునికి, మేళగానికి, పందిళ్ళు వేసేవానికి పిలుపు రాదు. (బట్టల దుకాణములవారు మాత్రము తగ్గింపు ధరల బోర్డు కట్టి ఆషాఢమునే పండుగ చేసికొన్నారు. వారి తెలివి వారిది!)

చేతికి పని తగ్గినా మనస్సు ఊరకుండదు. ‘నాతో ఇక ఎవరికి అవసరము?’ అన్న చింత ముందు వస్తుంది. బద్ధకము దాని వెనుకనే వస్తుంది. సోమరితనమని మనము నిందించేది చాలమందిలో నిజానికి ఈ దిగులే.

కిష్కింధకు వెళ్దాము. వాలివధ అనంతరము వర్షాకాలము వచ్చినది. ఇది దండయాత్రకు సమయము కాదు, కార్తీకములో పూనుకొందామని శ్రీరాముడే సుగ్రీవునికి చెప్పి, తాను ప్రస్రవణగిరి గుహలో నివసించినాడు. కనుక ఆగుట దోషము కాదు; సుగ్రీవుని విశ్రాంతికి రాముని అనుమతియే ఉన్నది. వానలు వెలిసి ఆకాశము తేటపడినా అతడు అంతఃపురము విడువలేదు, దోషమంతా అక్కడ ఉన్నది. హనుమకూ ఆ నెలలలో చేయవలసిన కార్యమేమీ లేదు. అయినా అతడు కాలమును కనిపెట్టి ఉన్నాడు. ఎవరూ అడుగకముందే రాజు వద్దకు వెళ్ళి ఇచ్చిన మాటను గుర్తుచేసినాడు. ఆ మాట విని, వానరసేనను 15 దినములలో రప్పించవలసినదని సుగ్రీవుడు నీలుని ఆజ్ఞాపించినాడు. తరువాత లక్ష్మణుడు క్రోధముతో వచ్చినప్పుడు, ప్రయత్నము మునుపే మొదలైనదని తార చెప్పగలిగినది. హనుమ మేలుకొని ఉండబట్టియే ఆమెకు ఆ మాట దక్కినది.

పాండవుల 12 ఏండ్ల అరణ్యవాసమును చూడండి. జూదములో సర్వము పోగొట్టుకొన్న ధర్మరాజు అడవిలో బృహదశ్వ మహర్షి వద్ద అక్షహృదయము నేర్చినాడు. అర్జునుడు ఇంద్రలోకములో చిత్రసేనుని వద్ద నృత్యగీతములు అభ్యసించినాడు. గాండీవధారికి గజ్జెలతో ఏమి పని అని ఆనాడు అనిపించును. 13వ ఏట విరాటుని కొలువులో, బృహన్నలయై ఉత్తరకు నాట్యము చెప్పుచున్న వానిని ఆ విద్యయే కాపాడినది.

గీతలో రెండవ అధ్యాయము 47వ శ్లోకము అందరికీ తెలిసినదే. ఫలమునందు అధికారము లేదన్నంత వరకు చదివి ఆగుతాము. కర్మ మానుటయందు ఆసక్తి వద్దని చివరి పాదములో స్వామి చెప్పిన మాట మనకు గుర్తుండదు.

వేట లేని దినములలో మత్స్యకారుడు వలల చిరుగులు అల్లుకొంటాడు, పడవకు మరమ్మతు చేసుకొంటాడు. ఉద్యోగి అయితే పాత దస్త్రములు సర్దుకోవచ్చును, తెలియని పని ఒకటి నేర్చుకోవచ్చును, కొత్తగా చేరినవానికి తెలిసినది చెప్పవచ్చును. సాయంత్రానికి ఒక్కటి పూర్తియైనా రాత్రి నిద్ర పడుతుంది. అయితే నూలు లేక మగ్గము ఆగినవానికి ఈ ఉపదేశము చాలదు. వాని ఇంట పొయ్యి వెలుగుట ముఖ్యము; వానికి ముందు బియ్యము, తరువాతనే ప్రవచనము.

ఈ సభలో దుకాణదారులు, యజమానులు ఉన్నారు. బేరములు లేవని గుమాస్తా జీతము కోయాలనుకొనే ముందు, ఆ పిల్లవానిచేత సరుకు లెక్క తీయించండి, మీ ప్రక్కన కూర్చోబెట్టుకొని ఖాతా వ్రాయుట నేర్పండి. దసరాకు జనము వచ్చిపడినప్పుడు గల్లాపెట్టె దగ్గర మీకు నమ్మకమైన మనిషి కావాలి కదా!