రద్దయిన చట్టం నిజంగా రద్దయిందా?



ఢిల్లీ ఐఐటీ పక్కన జియా సరాయ్‌లో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నవారు మీలో ఉంటారు. సొంత ఊళ్ళోనే ఉండి చదువుకుంటున్నవారూ ఉంటారు. ఉద్యోగ ప్రకటనల్లో 'స్థానిక అభ్యర్థి' అన్న మాట అందరూ చూసే ఉంటారు. ఆ మాట వెనుక ఒక రద్దు కథ ఉంది.

శాసనసభ గానీ పార్లమెంటు గానీ తాను చేసిన చట్టాన్ని తానే తీసివేయడం రద్దు. రాజ్యాంగానికి విరుద్ధమని న్యాయస్థానం ప్రకటిస్తే అది కొట్టివేత. ఈ రెండూ ఒకటి కావు.

హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం సర్కారు ఉద్యోగానికి సాధారణంగా 15 ఏళ్ళ నివాసం కావాలి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. అది చట్టం కాదు కనుక దాన్ని అమలు చేయించమని కోర్టును అడిగే వీలు లేకపోయింది. 1957లో పార్లమెంటు చేసిన చట్టంలో 2వ సెక్షన్ నివాస నిబంధనలను రద్దు చేసింది. 3వ సెక్షన్ తెలంగాణకు మినహాయింపునిచ్చింది.

రాజ్యాంగంలోని 16(3) అధికరణం రాష్ట్రం మొత్తానికే నివాస నియమం పెట్టనిస్తుంది, ఒక భాగానికి కాదు. అందుకే 1969లో సుప్రీంకోర్టు ఆ 3వ సెక్షన్‌ను కొట్టివేసింది. మరి పాత ముల్కీ నిబంధనల సంగతేమిటి? 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. మినహాయింపు చెల్లనప్పుడు, దానితో ముడిపడిన రద్దు కూడా తెలంగాణ వరకు చెల్లదు, ముల్కీ నిబంధనలు బతికే ఉన్నాయి అని. పోయిందనుకున్న నియమం మళ్ళీ ఎదురుగా నిలిచింది. జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు ముల్కీ నిబంధనల రద్దు చట్టం చేసింది. 32వ రాజ్యాంగ సవరణ 371-డి అధికరణాన్ని చేర్చింది. ఆ అధికరణం నేడు రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తోంది.

రద్దు అంటే గతాన్ని చెరిపివేయడం కాదు. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, అప్పటికే ఏర్పడిన హక్కులు, బాధ్యతలు, శిక్షలు నిలిచే ఉంటాయి. 2024 జులై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అయినా అంతకుముందు జరిగిన నేరానికి పాత స్మృతే వర్తిస్తుంది. 7వ సెక్షన్ మరో మాట చెబుతుంది: రద్దు చేసిన చట్టాన్నే తిరిగి రద్దు చేసినంత మాత్రాన మొదటి చట్టం లేచి రాదు. దాన్ని బతికించాలంటే ఆ మాట స్పష్టంగా రాయాలి.

కనుక విద్యార్థులారా, 'చట్టం రద్దు' అనే వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు రద్దు చేశారు? ఏ తేదీ నుంచి? పాత హక్కులను ఏ మాటలతో కాపాడారు? ఆ మాటల్లో ఒక్కటి తప్పినా ఎవరో ఒకరి ఉద్యోగం గాలిలో తేలుతుంది.