మూత్రపిండ వ్యాధియందు దురద, పథ్యము

 

మియాపూరులో మెట్రో రైలెక్కినవారు నడుమ బండి మారకయే పంజాగుట్టలో దిగి నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు పోవచ్చును. 2018లో ఈ సౌకర్య మేర్పడినది. ఇట్లు ఆసుపత్రులకు తిరుగు మూత్రపిండ రోగులలో, వారమునకు 3 పర్యాయములు, పర్యాయమునకు సుమారు 4 గంటలు రక్తశుద్ధికై యంత్రముచెంత పరుండువారు కలరు. వారిలో పెక్కుమంది మొఱపెట్టుకొను బాధ నొప్పి కాదు, రాత్రి కన్ను మూయనీయని దురద.

అది గజ్జి కాదు, తామర కాదు. చర్మము పైకి నిర్దోషముగనే కన్పట్టును. ఇంటి పెద్దలు “వేడి చేసిన”దని తీర్మానించి చలువకై కొబ్బరిబోండము త్రావింతురు. ప్రేమతో చేయు ఈ యుపచారమే ప్రమాదకరము. కొబ్బరినీటిలో పొటాషియము మెండు. చెడిన మూత్రపిండము దానిని వెలికి పంపజాలదు. అది నెత్తుట పేరుకొన్నచో గుండె లయదప్పి ఆగిపోవచ్చును. జమయే కాని ఖర్చు లేని పద్దు ఎంతకాలము నడచును?

మియాపూరులో బోండము బండిమీద కొని తేవలెను. శ్రీకాకుళపు ఉద్దానములో అది పెరటిలోనే యున్నది. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతపు కొబ్బరితోటల సీమను ఈ వ్యాధి దశాబ్దములుగా పీడించుచున్నది. కారణ మిదియని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము వెలసినవి. చెట్టునిండ కాయలున్న యింట వానిని ముట్టవలదని రోగికి చెప్పుట ఎంత కష్టము! అయినను ఆ చెట్టే మేలును చేయుచున్నది. గోరువెచ్చని నీట కొలదిసేపు స్నానమాడి, ఒడలి తడి పూర్తిగా ఆరకమున్నే కొబ్బరినూనె పూసికొన్నచో పొడిబారిన చర్మము మెత్తబడి దురద కొంత తగ్గును. ఘాటైన సబ్బు కూడదు. గోళ్లు పొట్టిగా నుండవలెను. నూలుబట్ట మేలు.

లోపలి కారణములు వేఱు. రక్తశుద్ధి చాలకపోవుట ఒకటి, భాస్వరము మిగులుట మఱియొకటి. పాలు, పప్పులు, వేరుసెనగలలో భాస్వర మున్నది; కాని పప్పులోనిది కొంతయే ఒంటబట్టును. సీసాలలో నమ్ము నల్లని పానీయములందు, పొట్లపు తిండ్లయందు కలిపిన భాస్వర లవణములు చాలవఱకు రక్తములో చేరును. మానదలచినవారు ముందు వానిని మానవలెను. భాస్వరమును పట్టియుంచు మాత్రలను వైద్యుడు చెప్పినట్లు భోజనముతోనే మ్రింగవలెను. పరగడుపున మ్రింగిన వ్యర్థము. అంగడిలో దొరకు దురదమాత్ర నిద్ర తెచ్చునే కాని ఈ దురదకు తఱచు పనికిరాదు. నరముల దురదకు వైద్యులిచ్చు మందులు వేఱుగ నున్నవి. వాని మోతాదు మూత్రపిండముల స్థితినిబట్టి స్వల్పముగ నుండవలెను గనుక సొంతముగా కొనరాదు.

కూరగాయలు తరిగి, విస్తారమైన నీట నుడికించి, ఆ నీరు పాఱబోసినచో పొటాషియము తగ్గును. ఆ నీటితోనే చారు కాచుట మన యిల్లాండ్ర పొదుపు; ఇచ్చట ఆ పొదుపు పనికిరాదు. ఊరగాయలు, అప్పడములు తగ్గింపవలెను. “తక్కువ సోడియ”మని యమ్ము ఉప్పులో సోడియమునకు బదులు పొటాషియమే యుండును. దానిని వంటింట చేరనీయరాదు.

మాంసకృత్తుల విషయమున పలువురు పొరబడుచున్నారు. రక్తశుద్ధికి ముందు దశలో తగ్గింపుమని వైద్యుడు చెప్పిన మాటనే పట్టుకొని, యంత్రముచెంతకు పోవనారంభించిన పిదపను కడుపు మాడ్చుకొని కృశింతురు. అప్పుడు అవి హెచ్చుగ కావలయును. అభ్యంతరము లేనివారికి కోడిగ్రుడ్డు తెల్లసొన మేలు. గ్రుడ్డులోని భాస్వరము దాదాపుగ పచ్చసొనలోనే యున్నది.