కంప్యూటరులో తెలుగు అక్షరములు చెడినప్పుడు



పంచాయతీ కార్యాలయములలో, మీసేవా కేంద్రములలో, సహకార సంఘములలో కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయువారును, ఇంటియొద్దనే ప్రోగ్రాములు వ్రాయు యువతీయువకులును నేడు మన గ్రామములలో తక్కువమంది కారు. వారిని ఉద్దేశించియే ఈ నాలుగు మాటలు. విషయము చిన్నదిగా తోచవచ్చును. తెలుగులో ఎక్కించిన పేరు తెరపై తెలుగుగా కనబడనప్పుడు ఏమి చేయవలెను? కాని ఆ పేరు పింఛను జాబితాలో ఒక వితంతువుది కావచ్చును. భూమి దస్త్రములో ఒక రైతుది కావచ్చును. పేరు చెడినచో ఆ మనిషి కార్యాలయము చుట్టు ఎన్నిసార్లు తిరుగవలసివచ్చునో మీకు తెలియనిది కాదు.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలు మాత్రమే తెలియును. ప్రపంచ భాషల అక్షరములన్నిటికిని సంఖ్యలు కేటాయించిన పద్ధతికి యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరికినది. 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు మన లిపివి. అందు 'క' సంఖ్య 3093. ఈ సంఖ్యలను దాచుటకు నేడు ఎక్కువగా వాడునది యు.టి.ఎఫ్.-8 అను విధానము. అందు ప్రతి తెలుగు గుర్తునకును మూడు బైట్లు పట్టును. 'క'కు 224, 176, 149 అను మూడు. మొదటి బైటు ఎల్లప్పుడును 224. రెండవది 176 గాని 177 గాని అగును. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో సగము రోగములు నాడి పట్టగానే తెలియును.

ఎట్లనగా, తెరపై తెలుగునకు బదులు నెత్తిన వాలుగీత గల యూరపు 'ఎ' అక్షరమును, దాని ప్రక్కన ఉష్ణోగ్రతకు వాడు డిగ్రీ సున్నయు మాటిమాటికి కనబడుచున్నవనుకొనుడు. ఆ 'ఎ' 224. ఆ సున్న 176. అనగా తెలుగు బైట్లు చెడలేదు. వానిని చదివిన ప్రోగ్రాము పాశ్చాత్య లిపి పట్టికతో చదివినది. ఎక్సెల్‌లో సి.ఎస్.వి. దస్త్రమును రెండు నొక్కులతో తెరచినప్పుడు సాధారణముగా జరుగునది ఇదియే. ఆ దస్త్రమును అట్లు తెరువక, ఎక్సెల్‌లోని డేటా విభాగమునుండి దిగుమతి చేసికొని, లిపి అడిగినచోట 65001 అను యు.టి.ఎఫ్.-8ను ఎన్నుకొన్నచో అక్షరములు చక్కబడును. ప్రోగ్రాము వ్రాయువారు దస్త్రము మొదట 239, 187, 191 అను మూడు గుర్తు బైట్లు చేర్చినచో చాలవరకు ఎక్సెల్ తానే గ్రహించును.

చెడి కనబడుచున్న దస్త్రమును అట్లే సేవ్ చేయకుడు. ఇది మరియొకసారి చెప్పదగిన మాట. ఆ పాశ్చాత్య పట్టికలో 129, 141, 143, 144, 157 అను అయిదు స్థానములు ఖాళీ. మన పొల్లు గుర్తు యొక్క మూడవ బైటు సరిగా 141! కొన్ని ప్రోగ్రాములు ఖాళీ స్థానపు బైటును పారవేయును. పొల్లు పోయిన పిమ్మట ఒత్తులన్నియు పోవును; 'ఏ', 'ఐ', 'ఝ' అక్షరములకును అదే గతి. అప్పుడు వెనుకకు త్రిప్పు ఉపాయములు పనిచేసినను సగము పేర్లు కుంటివిగా మిగులును. మూల దస్త్రము యొక్క ప్రతి తీసి వేరుచోట ఉంచి, ఆ పిమ్మటనే వైద్యమునకు పూనుకొనుడు.

పేరున్నచోట వరుసగా ప్రశ్నార్థకములు మాత్రమే కనబడినచో అది వేరు వ్యాధి, కష్టమైనది. డేటాబేసులోని ఆ గడికి తెలుగును దాచు శక్తి లేక, ప్రతి గుర్తునకును ఒక ప్రశ్నార్థకము వ్రాసి ఊరకున్నదన్నమాట. అక్కడ తిరిగి తీయుటకు ఏమియు లేదు. కాగితపు దరఖాస్తు చూచి మరల ఎక్కించుటయే గతి. మై ఎస్‌క్యూఎల్‌లో 2018లో వచ్చిన 8.0 కూర్పునకు పూర్వము, వేరుగా చెప్పనిచో పాశ్చాత్య లిపియే అమరియుండెడిది. పాత కూర్పులతో కట్టిన పట్టికలు కొన్నిచోట్ల ఇంకను నడచుచుండవచ్చును. పట్టికకును, ప్రోగ్రాము డేటాబేసుతో మాటలాడు దారికిని, రెంటికిని యు.టి.ఎఫ్.8 ఎం.బి.4 అమర్చవలెను. ఒకదానికి అమర్చి రెండవది మరచువారే ఎక్కువ.

డబ్బాల వంటి ఖాళీ గడులు కనబడినచో భయములేదు. ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదు, అంతే. 'అను' వంటి పాత ఫాంట్లతో కూర్చిన పత్రములు వేరొక తరగతి. వానిలో దాగియున్నవి యూనికోడ్ సంఖ్యలు కావు గనుక మార్పిడి ప్రోగ్రాము అవసరమగును. మార్చిన పిదప ఒత్తులను కంటితో చూచి సరిదిద్దక తప్పదు.

ఇక ప్రోగ్రాములు వ్రాయువారికి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరము. కంప్యూటరునకు అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘము అను నాలుగు గుర్తులు, పండ్రెండు బైట్లు. 'శ్రీనివాస్' అను పేరునకు పది గుర్తులు, ముప్పది బైట్లు. పేరు గడిని ఇరువది బైట్లుగా కొలిచి, మిగిలినది ప్రోగ్రాము కత్తిరించినచో, 'శ్రీని' వరకు నిలిచి, 'వ' నడుమ తెగి, ప్రశ్నార్థకము గల నల్లని పలక కనబడును. ఒరాకిల్ డేటాబేసులో, వేరుగా చెప్పనిచో, గడి పొడవు బైట్లలోనే లెక్కింపబడును. ఆంగ్లపు పేర్లతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపము ఎన్నటికిని కనబడదు.

పేరు తెరపై సరిగానే ఉండి వెదకినప్పుడు దొరకకపోవుట మరింత చిత్రమైనది. 'సైదులు'లోని ఐత్వమును 3144 అను ఒక్క సంఖ్యగా వ్రాయవచ్చును; 3142, 3158 అను రెండింటి జతగాను వ్రాయవచ్చును. చూపునకు రెండును ఒకటే, కంప్యూటరునకు వేరువేరు. పేర్లను దాచుటకు ముందును, వెదకుటకు ముందును ఎన్.ఎఫ్.సి. అను ఏకరూపమునకు తెచ్చినచో ఈ చిక్కు తీరును. 'రాజ్‌కుమార్' అని విడిగా కనబడవలెనన్నచో నడుమ 8204 అను కనబడని గుర్తు చేరును; ఒకరు చేర్చి, మరియొకరు చేర్చక వ్రాసినచో పేర్లు కలియవు. ఆ గుర్తును పేరునుండి తొలగింపరాదు. తొలగించినచో 'జ' క్రింద 'క' ఒత్తు వచ్చి చేరును. వెదకునప్పుడు మాత్రమే దానిని లెక్కింపకుండ చేయవలెను.

పెద్ద సంస్థలకును ఈ లిపి తిప్పలు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరమును ఈ కనబడని గుర్తుతో కూర్చిన సందేశము వచ్చినంతనే ఆపిల్ ఐఫోన్లలోని ప్రోగ్రాములు కూలిపోయినవి; ఆ నెల 19వ తేదీన 11.2.6 కూర్పు విడుదలచేసి సరిదిద్దిరి.

కావున మీ ప్రోగ్రామును ఊరికి అప్పగించుటకు ముందు ఒక కాగితముపై ఊరిలోని కష్టమైన పేర్లు ఇరువది వ్రాసికొనుడు: ఒత్తులున్నవి, ఐత్వమున్నవి, పొల్లుతో ముగియునవి, మిక్కిలి పొడవైనవి. వానిని ఎక్కించి, దాచి, వెదకి, సి.ఎస్.వి.గా తీసి, ముద్రించి, కాగితముతో పోల్చి చూడుడు. ఒక పూట పని. పోల్చునప్పుడు ప్రక్కన తెలుగు చక్కగా చదువగల మరియొకరిని కూర్చుండబెట్టుకొనుడు. తాను ఎక్కించిన పేరులోని తప్పు తన కంటికి త్వరగా కనబడదు.