సంతకం పెడితే సమ్మతించినట్టేనా?



స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు, కింద సంతకం ఉంటే ఒప్పందం కుదిరినట్టేనని మన ఊళ్లలో గట్టి నమ్మకం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం అడిగేవి వేరు. ఒకరి ప్రతిపాదనను రెండోవారు ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. ఇద్దరూ మైనారిటీ తీరినవారై, మతిస్థిమితంతో ఉండాలి. ప్రతిఫలమూ ఉద్దేశమూ చట్టానికి లోబడాలి. మైనరు రాసిన తాకట్టు మొదటినుంచీ చెల్లదని 1903లో ఒక కలకత్తా కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చేసింది. వీటిని రుజువు చేయడం అంత కష్టం కాదు. కాగితం మీద కనబడనిదల్లా స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

మద్రాసు హైకోర్టులో 1889 నాటి రంగనాయకమ్మ కేసు ఉంది. ఆమెకు పదమూడేళ్లు. భర్త పోయాడు. తాము చెప్పిన కుర్రాణ్ని దత్తత తీసుకుంటే తప్ప శవాన్ని లేవనివ్వమని బంధువులు అడ్డం కూర్చున్నారు. ఆ పిల్ల ఒప్పుకుంది. ఆ దత్తత ఆమెను కట్టిపడేయదని కోర్టు చెప్పింది.

1917లో అదే కోర్టు ముందుకు చిక్కం అమ్మిరాజు కేసు వచ్చింది. చచ్చిపోతానని బెదిరించి ఒకాయన భార్యచేత, కొడుకుచేత తన సోదరుడి పేర హక్కు విడుదల రాయించాడు. ఇది కాంట్రాక్టు చట్టం 15వ సెక్షను చెప్పే బలవంతమేనని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ ఒప్పుకోలేదు; ఆ సెక్షను మాటలను అంతదూరం లాగకూడదన్నారు. నా మటుకు మెజారిటీ తీర్పే సబబు. భర్త ప్రాణం తీసుకుంటానంటే కలం పట్టడం తప్ప ఆ ఇల్లాలికి వేరే దారేముంది?

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు 1986లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చట్టం, 2005లో కేంద్ర చట్టం వాటా ఇచ్చాయి. వెనకే, ఆ వాటా వదులుకున్నట్టు కూతుళ్లచేత రాయించే హక్కు విడుదల దస్తావేజులూ వచ్చాయి. "రేపు పుట్టింటి గడప తొక్కాలా వద్దా, నువ్వే ఆలోచించుకో అమ్మా" అని అన్నయ్య అనే మాట 15వ సెక్షనుకు అందదు. 16వ సెక్షనుకు అందవచ్చు. ఎదుటివారి మనసును శాసించగల స్థానంలో ఉండి, దాన్ని వాడుకుని అన్యాయంగా లాభపడటం అనుచిత ప్రభావం. అటువంటి స్థానంలో ఉన్నవాడు చేసిన బేరం మరీ ఘోరంగా కనిపిస్తే, ఒత్తిడి చేయలేదని రుజువు చేసుకోవలసింది అతనే. ఇది చట్టం పెట్టిన గొప్ప కట్టుబాటు. అయితే ఆ దస్తావేజు దానంతటది పోదు. సంతకం పెట్టిన ఆడపిల్లే కోర్టుకెక్కి రద్దు చేయించుకోవాలి, అదీ మామూలుగా మూడేళ్లలోపే. పుట్టింటి మీద దావా వేయగల ఆడపిల్లలు ఎందరు?

అందుకే దస్తావేజు లేఖరులకు, యువ న్యాయవాదులకు నా విన్నపం. సంతకానికి ముందు ఆమెను అన్నదమ్ములకు దూరంగా కూర్చోబెట్టండి. దస్తావేజు తెలుగులో చదివి వినిపించండి. వదులుకుంటున్న భూమి ఎంతో, దాని ధర ఎంతో చెప్పండి. ఆలోచించుకుంటానంటే ఆ రోజుకు రిజిస్ట్రేషను ఆపండి.